కేదార్‌నాథ్, బదరీనాథ్ యాత్ర: మనవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

శివరాత్రి దాటిందంటే చాలు, బంధువుల నుంచి, స్నేహితుల నుంచి, వాళ్ళ స్నేహితుల నుంచి కూడా ఒకటే రకం ఫోన్లు. అమ్మని తీసుకెళ్ళొచ్చా, హెలికాప్టర్ దొరుకుతుందా, పైన ఊపిరి ఆడుతుందా, బదరీలోని బ్రహ్మకపాలంలో పిండం పెడితే ఇక తద్దినం మానేయొచ్చా. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకచోట రాస్తే పనికొస్తుందని ఇది తయారుచేశాను. యమునోత్రి, గంగోత్రి కూడా కలిసిన చార్‌ధామ్ మొత్తం కాకుండా కేదారం, బదరీ రెండే చూసుకుని వచ్చే కుటుంబాలు మనలో ఎక్కువ కాబట్టి ఇక్కడ ఆ రెండింటి గురించే ఉంటుంది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి, ఏ జవాబు దానికదే పూర్తిగా ఉండేలా రాశాను. ఏ విషయంలోనైనా నా సలహా ఒకటే: ఈ యాత్రలో డబ్బు తగ్గించుకోండి, సౌకర్యాలు తగ్గించుకోండి, రోజులు మాత్రం తగ్గించుకోకండి.

## బయలుదేరే ముందు

గుడి ఎప్పుడు తెరుస్తారు? ఏ నెలలో వెళ్తే మంచిది?

కేదార్‌నాథ్ తలుపులు తెరిచే తేదీని మహాశివరాత్రి రోజు ఉఖీమఠ్‌లోని ఓంకారేశ్వర ఆలయంలో, బదరీనాథ్ తేదీని వసంత పంచమినాడు నరేంద్రనగర్ రాజభవనంలో ప్రకటిస్తారు. సాధారణంగా ఏప్రిల్ చివర్లోనో మే మొదట్లోనో తెరుస్తారు. కేదారం మూసేది కార్తీక శుద్ధ విదియనాడు, అంటే మన భగినీ హస్త భోజనం రోజు. బదరీ నవంబర్‌లో మూస్తారు, ఆ తేదీని విజయదశమినాడు చెబుతారు.

మే, జూన్ మొదటి సగంలో పిల్లలకి సెలవులు కాబట్టి అందరూ అప్పుడే వస్తారు, జనం విపరీతంగా ఉంటారు. జూన్ చివరి నుంచి వానలు, జూలై ఆగస్టుల్లో కొండచరియలు విరిగిపడి రోడ్లు మూసుకుపోతుంటాయి, పెద్దవాళ్ళతో ఆ రెండు నెలలూ వద్దే వద్దు. సెలవు దొరికితే సెప్టెంబర్ రెండో సగం నుంచి అక్టోబర్ మధ్య వరకు వెళ్ళండి. ఆకాశం తేటగా ఉంటుంది, మంచుకొండలు స్పష్టంగా కనిపిస్తాయి, చలి మాత్రం కాస్త ఎక్కువ.

ఎన్ని రోజులు పెట్టుకోవాలి? ఐదు రాత్రుల ప్యాకేజీ అంటున్నారు, సరిపోతుందా?

కాగితం మీద సరిపోతుంది, కొండ మీద సరిపోదు. హరిద్వార్ నుంచి మళ్ళీ హరిద్వార్ చేరడానికి కనీసం ఎనిమిది రోజులు, దానికి తోడు ఏ పనీ పెట్టుకోని ఒక ఖాళీ రోజు ఉండాలి. మొదటి రోజు ఋషికేశ్ నుంచి గుప్తకాశీ, రెండో రోజు ఆ చుట్టుపక్కలే తిరిగి విశ్రాంతి, మూడో రోజు కేదారం ఎక్కి పైన పడుకోవడం, నాలుగో రోజు దిగడం, ఐదో రోజు చోప్తా మీదుగా పీపల్‌కోటి లేదా జోషీమఠ్, ఆరో రోజు బదరీ, ఏడు, ఎనిమిది రోజుల్లో తిరుగు ప్రయాణం. ఖాళీ రోజు ఎందుకంటే వాన పడితే ఒక పూట ఆగాలి, రోడ్డు మూస్తే ఇంకో పూట ఆగాలి, ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే ఆ రోజంతా ఆగాలి. ఆ రోజు లేని కుటుంబాలే జ్వరంతోనో తలనొప్పితోనో ఉన్నవాళ్ళని కూడా బలవంతంగా పైకి ఎక్కిస్తాయి. తిరుగు రైలు టికెట్ దిగిన మర్నాటికే పెట్టుకుంటే యాత్ర మొత్తం టెన్షనే.

అమ్మకి అరవై ఐదు దాటాయి, షుగర్, బీపీ ఉన్నాయి. తీసుకెళ్ళొచ్చా?

వయసు ఒక్కటే చూసి చెప్పలేం. డెబ్బై ఏళ్ళవాళ్ళు కర్ర పట్టుకుని నెమ్మదిగా ఎక్కి వస్తారు, ముప్ఫై ఏళ్ళ కుర్రాడు పరుగున ఎక్కి పైకి చేరేసరికి వాంతులతో కూలబడతాడు. చూడాల్సింది మూడు సంగతులు. షుగర్, బీపీ అదుపులో ఉన్నాయా. గుండె, ఊపిరితిత్తుల జబ్బు ఏదైనా ఉందా. ఇంటి దగ్గర రోజూ నాలుగైదు కిలోమీటర్లు ఆయాసం లేకుండా నడవగలుగుతున్నారా. ఈ నడక యాత్రకి రెండు నెలల ముందే మొదలుపెట్టాలి, మెట్లెక్కడం కూడా కలిపితే ఇంకా మంచిది.

డాక్టర్‌ని కలిసినప్పుడు "కేదార్‌నాథ్ వెళ్తున్నాం" అని ఊరుకోకుండా "మూడున్నర వేల మీటర్ల ఎత్తుకి వెళ్ళి రాత్రి అక్కడ ఉంటాం" అని స్పష్టంగా చెప్పండి, అప్పుడే ఆయన సరైన పరీక్షలు రాస్తారు. గుండెకి స్టెంట్ వేయించుకున్నవాళ్ళు, ఉబ్బసం ఉన్నవాళ్ళు గుండె డాక్టర్, ఛాతీ డాక్టర్ ఒప్పుకుంటేనే కదలాలి. మందులు యాత్ర రోజులకంటే నాలుగు రోజులు ఎక్కువ పెట్టుకోండి. వాటిని గుర్రం మీద కట్టే సంచిలో కాకుండా మనిషి దగ్గరే ఉంచండి. ఇన్సులిన్ గడ్డకడితే పనిచేయదు, పైన రాత్రిపూట దాన్ని స్వెటర్ లోపల ఒంటికి ఆనేలా పెట్టుకోవాలి. చలిలో గ్లూకోమీటర్ తప్పుగా చూపించే అవకాశం ఉంది, కాబట్టి అంకె ఎలా ఉన్నా నీరసం, చెమటలు కనిపిస్తే వెంటనే తీపి ఏదైనా ఇవ్వండి.

డాక్టర్ వద్దంటే వద్దు. ఆ మాట అమ్మకి చెప్పడం కష్టమే, ఆమె ఎన్నేళ్ళ నుంచో అనుకుంటూ ఉండొచ్చు. అయినా చెప్పండి.

రిజిస్ట్రేషన్ తప్పనిసరా? ఏజెంట్‌కి డబ్బు ఇవ్వాలా?

తప్పనిసరి, లేకపోతే దారిలోనే వెనక్కి పంపుతారు. ఏజెంట్ అక్కర్లేదు. ఉత్తరాఖండ్ పర్యాటక శాఖ అధికారిక వెబ్‌సైట్‌లోనో, టూరిస్ట్ కేర్ ఉత్తరాఖండ్ యాప్‌లోనో మీరే చేసుకోవచ్చు. ఆధార్ దగ్గర పెట్టుకుని కూర్చోండి. ఏ ధామానికి ఏ తేదీ అన్నది విడివిడిగా ఇవ్వాలి, తేదీలు నిండిపోతాయి కాబట్టి రైలు టికెట్ తీసే ముందే ఇది చూసుకోవడం మంచిది. హరిద్వార్, ఋషికేశ్‌లలో కౌంటర్లు కూడా ఉంటాయి గానీ మే నెలలో అక్కడి క్యూని నమ్ముకుని వెళ్తే రెండు మూడు రోజులు అక్కడే గడిచిపోవచ్చు. రిజిస్ట్రేషన్ కాగితం ప్రింటు రెండు కాపీలు ఉంచుకోండి, ఫోన్ ఛార్జింగ్ చలికి చాలా త్వరగా దిగిపోతుంది.

హెలికాప్టర్ టికెట్ ఇప్పిస్తామని వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. నమ్మొచ్చా?

నమ్మకండి. కేదార్‌నాథ్ హెలికాప్టర్ టికెట్లు ఐఆర్‌సీటీసీ వారి హెలీయాత్ర వెబ్‌సైట్‌లోనే అమ్ముతారు, అదీ యాత్ర రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ళకే. అచ్చం అలాగే కనిపించే దొంగ వెబ్‌సైట్లు ప్రతి సీజన్‌లోనూ పుట్టుకొస్తాయి, ముందు డబ్బు వేయమంటారు, తర్వాత ఫోన్ ఎత్తరు. అసలు వెబ్‌సైట్‌లో టికెట్లు తెరిచిన రోజే చాలావరకు అయిపోతాయి, కాబట్టి ఆ తేదీ ముందే తెలుసుకుని సిద్ధంగా ఉండాలి.

గుప్తకాశీ, ఫాటా, సెర్సీ హెలిపాడ్‌ల నుంచి ఎగురుతాయి. పైకి కొద్ది నిమిషాలే. బరువు ఎక్కువున్నవారికి అదనంగా వసూలు చేస్తారు, సామాను చిన్న చేతిసంచి వరకే. మబ్బు పట్టిందంటే ఆపేస్తారు, డబ్బు వెనక్కి వస్తుంది గానీ దర్శనం పోతుంది. అందుకని హెలికాప్టర్ టికెట్ ఉన్నా గుర్రం మీదో, డోలీలోనో వెళ్ళే ఆలోచన కూడా పక్కన పెట్టుకోండి. ఇంకొకటి, కింద నుంచి ఒక్కసారిగా పైన దిగడం వల్ల శరీరానికి ఎత్తు అలవాటుపడే సమయం దొరకదు. దిగగానే హడావుడిగా గుడివైపు నడవకుండా కాసేపు కూర్చోవాలి.

మన ఊళ్ళ నుంచి ఎలా వెళ్ళాలి?

హైదరాబాద్ నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్, విశాఖ వైపు నుంచి ఏపీ ఎక్స్‌ప్రెస్ ఢిల్లీ చేరుస్తాయి. అక్కడి నుంచి హరిద్వార్‌కి రైళ్ళు, బస్సులు చాలానే ఉన్నాయి. విమానమైతే డెహ్రాడూన్‌లోని జాలీ గ్రాంట్‌లో దిగితే ఋషికేశ్ అక్కడికి దగ్గర. ఎటునుంచి వచ్చినా ఋషికేశ్‌లో ఒక రాత్రి పడుకుని తెల్లవారుజామున కొండ రోడ్డు ఎక్కండి, రాత్రిపూట కొండల్లో వాహనాలు వదలరు.

ఈ ఏడాది ఇంట్లో ఒకరు పోయారు. ఏడాది దాకా కొండ ఎక్కకూడదంటున్నారు, నిజమా?

మన వైపు చాలా ఇళ్ళలో ఆ ఆచారం ఉంది, తిరుమలకి కూడా వెళ్ళరు. కర్మ చేసినవారికే అని కొందరు, అదే ఇంటి పేరు ఉన్నవాళ్ళందరికీ అని కొందరు, మాసికాలు జరుగుతుండగా తీర్థయాత్ర వద్దని ఇంకొందరు చెబుతారు. అక్కడ గుడిలో ఎవరూ అడగరు, ఇది పూర్తిగా మీ ఇంటి సంప్రదాయం. మీ పురోహితుడిని అడిగి, ఇంట్లో పెద్దవాళ్ళ మనసుకి ఏది కష్టం కలిగించదో అది చేయండి. ఏడాది ఆగితే పోయేదేమీ లేదు. ఏటా గుడి తెరుస్తూనే ఉంటారు, ఆ తర్వాత వెళ్తే బ్రహ్మకపాలంలో వారికి పిండం కూడా పెట్టి రావచ్చు.

నెలసరి తేదీ యాత్రలో పడుతోంది. వాయిదా మాత్రలు వేసుకోవచ్చా?

ఈ ప్రశ్న ఆడవాళ్ళు చాలా మొహమాటంతో, మిగతా అన్నీ అడిగాక చివర్లో అడుగుతారు. మొహమాటం అక్కర్లేదు, ఇది ఆరోగ్యం సంగతి. ఈ మాత్రల వల్ల కొందరిలో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది, గంటల తరబడి కారులో కదలకుండా కూర్చోవడం, చలికి నీళ్ళు తాగకపోవడం, ఎత్తు, ఇవన్నీ దానికి తోడవుతాయి. మెడికల్ షాపులో అడిగి కొనుక్కోకుండా గైనకాలజిస్ట్‌ని కలవండి, ఎత్తైన చోటికి వెళ్తున్న సంగతి చెప్పండి. వీలైతే తేదీలే మార్చుకోండి. ఖాళీ రోజులున్నవాళ్ళకి ఇదీ సులువే, రెండు రోజులు గుప్తకాశీలో ఆగి ఆ తర్వాత ఎక్కొచ్చు.

సంచిలో ఏం పెట్టుకోవాలి?

గొడుగు వద్దు, గాలికి నిలవదు, దారిలో పక్కవాళ్ళ కళ్ళకి తగులుతుంది. మోకాళ్ళు దాటే రెయిన్‌కోటు కావాలి. ఒకే మందపాటి స్వెటర్ కంటే పలచటి బట్టలు మూడు పొరలుగా వేసుకుంటే ఎక్కేటప్పుడు చెమట పట్టగానే ఒకటి తీసేయొచ్చు. మంకీ క్యాప్, చేతి గ్లవ్స్, నాలుగైదు జతల సాక్సులు, టార్చి. బూట్లు ఇంటి దగ్గర నెల రోజులు వాడినవే వేసుకోండి, యాత్ర కోసం కొత్తవి కొని అక్కడే మొదటిసారి తొడిగితే మూడో కిలోమీటర్‌కే బొబ్బలు. చీరలో ఎక్కడం అలవాటున్నవాళ్ళు కూడా ఈ ఒక్క రోజు లోపల థర్మల్స్, పైన పంజాబీ డ్రెస్ వేసుకుంటే గుర్రం ఎక్కాల్సి వచ్చినా ఇబ్బంది ఉండదు. డబ్బు నోట్ల రూపంలో కొంత ఉండాలి, పైన నెట్‌వర్క్ ఉన్నప్పుడే ఫోన్‌పే.

## గుప్తకాశీ వరకు రోడ్డు మీద

ముందు కేదారమా, బదరీయా?

సంప్రదాయం ప్రకారం పడమర నుంచి తూర్పుకి, అంటే యమునోత్రి, గంగోత్రి, కేదారం, బదరీ. రెండే చూసేవాళ్ళు కూడా కేదారేశ్వరుడిని చూసి బదరీనారాయణుడి దగ్గర ముగిస్తారు. నడక ఉన్న కష్టమైన యాత్ర ముందు అయిపోతుంది కాబట్టి ఒంటికి కూడా ఇదే మంచిది. అయితే రిజిస్ట్రేషన్ తేదీలు తిరగబడి దొరికితే తిరగేసే వెళ్ళండి, దోషమేమీ లేదు.

మన డ్రైవర్‌నే, మన బండినే తీసుకెళ్ళొచ్చా?

తీసుకెళ్ళొచ్చు, కానీ ఘాట్ రోడ్డు మీద అనుభవం ఉన్న అక్కడి డ్రైవరే మేలు. శ్రీశైలం ఘాట్ నడిపినవాడైనా ఇక్కడ రోజుకి ఎనిమిది తొమ్మిది గంటలు ఒకవైపు లోయతో, ఎదురుగా బస్సులతో నడపడం వేరే సంగతి. ఋషికేశ్ నుంచి గుప్తకాశీ సుమారు 180 కిలోమీటర్లే, కానీ రోజంతా పడుతుంది. వాంతులయ్యేవాళ్ళని ముందు సీట్లో కూర్చోబెట్టండి, ఖాళీ కడుపుతోనూ నిండు కడుపుతోనూ బయలుదేరనివ్వకండి. దారిలో దేవప్రయాగ దగ్గర పది నిమిషాలైనా ఆగండి, భాగీరథి, అలకనంద కలిసి గంగ అనే పేరు తీసుకునే చోటు అదే, రెండు నదుల రంగులు విడివిడిగా కనిపిస్తాయి.

మన భోజనం దొరుకుతుందా?

ఋషికేశ్‌లో తిరుమల తిరుపతి దేవస్థానం వారి ఆంధ్రా ఆశ్రమం, వేంకటేశ్వరస్వామి గుడి ఉన్నాయి, అక్కడ మన మాట వినిపిస్తుంది. ఆపైన రొట్టె, పప్పు, రాజ్మా, అన్నం, పరాఠా, మ్యాగీ. అన్నం ఎక్కడైనా దొరుకుతుంది, కాబట్టి ఇంటి నుంచి కంది పొడి, గోంగూర పచ్చడి, పులిహోర పేస్టు తెచ్చుకుంటే పెద్దవాళ్ళు నాలుగు ముద్దలు ఎక్కువ తింటారు. నీళ్ళు కాచినవే తాగించండి.

## గౌరీకుండ్ నుంచి కేదారం దాకా

నడక ఎంత దూరం? ఎన్ని గంటలు పడుతుంది?

సొంత బండి, టూర్ బండి ఏదైనా సోన్‌ప్రయాగ్ దగ్గర ఆగిపోవాలి. అక్కడి నుంచి గౌరీకుండ్‌కి ఐదు కిలోమీటర్లు షేరింగ్ జీపుల్లో వెళ్ళాలి. గౌరీకుండ్ నుంచి గుడికి లెక్క ప్రకారం 16 కిలోమీటర్లు, నడిచినవాళ్ళు అంతకంటే ఎక్కువే ఉందంటారు. 2013 వరదకి ముందు దారి దీనికంటే పొట్టిది. ఆ వరదలో రాంబాడా అన్న మజిలీ ఊరే కొట్టుకుపోయింది, తర్వాత అక్కడి నుంచి మందాకిని నది అవతలి ఒడ్డున కొత్త దారి వేశారు. జంగిల్‌చట్టీ, భీంబలి దాకా ఫర్వాలేదు, రాంబాడా దాటి లించోలీ ఎక్కే నిటారు దారి దగ్గరే అందరి ఓపికా తేలిపోతుంది.

గౌరీకుండ్ రెండు వేల మీటర్లకి కాస్త తక్కువ ఎత్తులో ఉంటుంది, కేదారం 3,583 మీటర్లు. అంటే ఒక్క రోజులో 1,600 మీటర్లు ఎక్కుతున్నారు. మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్ళకి ఏడెనిమిది గంటలు, పెద్దవాళ్ళకి పది పన్నెండు. తెల్లవారకముందే సోన్‌ప్రయాగ్ చేరాలి, మధ్యాహ్నం దాటితే పైకి వదలడం ఆపేస్తారు, వాన ఎక్కువైతే అంతకు ముందే ఆపేస్తారు. పోలీసులతో వాదించకండి, వాళ్ళు ఆపిన రోజు ఆగడమే మంచిది.

గుర్రమా, డోలీయా, బుట్టా? ఏది ఎక్కితే మంచిది?

గుర్రం అని మనం అంటాం గానీ చాలావరకు కంచరగాడిదలు, వాళ్ళు ఖచ్చర్ అంటారు. నడుము నొప్పి, మోకాళ్ళ ఆపరేషన్ ఉన్నవాళ్ళకి గుర్రం సుఖం కాదు, ముఖ్యంగా దిగేటప్పుడు ప్రతి మెట్టుకీ నడుముకి దెబ్బే. అలాంటివారికి నలుగురు మోసే డోలీ మేలు, ఖర్చు చాలా ఎక్కువ. వీపున బుట్టలో మోసేదాన్ని కండీ అంటారు, బరువు తక్కువున్న పెద్దవాళ్ళకి, చిన్నపిల్లలకి అది సరిపోతుంది. ఏదైనా ప్రభుత్వ ప్రీపెయిడ్ కౌంటర్‌లోనే చీటీ తీసుకోండి, మోసేవారి గుర్తింపు కార్డు ఫోటో తీసి పెట్టుకోండి, బోర్డు మీద రాసిన ధరకంటే ఎక్కువ అడిగితే కౌంటర్ దగ్గరే చెప్పండి.

ఒక మాట అడుగుతున్నాను. ఎక్కే ముందు ఆ జంతువు కాళ్ళు చూడండి. కుంటుతున్నా, పుండ్లు ఉన్నా, నురగ కక్కుతున్నా వేరేది అడగండి, దారిలో నీళ్ళ తొట్టి దగ్గర ఆపి దానికి నీళ్ళు పెట్టించండి. ప్రతి సీజన్‌లోనూ ఈ దారిలో విశ్రాంతి లేక చాలా జంతువులు చచ్చిపోతున్నాయి. స్వామి దగ్గరికి వెళ్ళే దారిలో ఒక మూగజీవిని హింసించి వెళ్ళడం ఏం పుణ్యం?

నడిచేవాళ్ళు గుర్రాలు ఎదురైనప్పుడు ఎప్పుడూ కొండవైపే ఒదిగి నిలబడాలి. లోయవైపు నిలబడితే గుర్రం మీద కట్టిన మూట తగిలినా చాలు, పడిపోతారు. పిల్లలకి ఇది ముందే నేర్పండి.

పైన ఊపిరి ఆడదంటారు. కర్పూరం వాసన చూస్తే ఆక్సిజన్ అందుతుందా?

అందదు. కర్పూరం ముక్కుకి చల్లగా తగిలి గాలి బాగా ఆడుతున్నట్టు అనిపిస్తుంది, రక్తంలో ఆక్సిజన్ ఏమీ పెరగదు. చేతిలో మూట కట్టుకుంటే తప్పు లేదు, దాన్నే నమ్ముకుని కూర్చోవడం తప్పు. కొట్లలో అమ్మే చిన్న ఆక్సిజన్ డబ్బాలు కూడా కొద్ది నిమిషాల ఊరటే.

ఎత్తు పడకపోవడం తలనొప్పితో మొదలవుతుంది, తర్వాత వికారం, ఆకలి లేకపోవడం, కళ్ళు తిరగడం. ఇంతవరకైతే అక్కడే ఆగి, గోరువెచ్చటి నీళ్ళు తాగి విశ్రాంతి తీసుకోవాలి, తగ్గేదాకా పైకి కదలకూడదు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, దగ్గుతో నురగ వస్తున్నా, మాట తడబడుతున్నా, తూలుతున్నా మందు ఒక్కటే: వెంటనే కిందికి దిగడం. గుడి ఎదురుగా కనిపిస్తున్నా సరే దిగాల్సిందే. దారి పొడవునా ప్రభుత్వ వైద్య కేంద్రాలు ఉన్నాయి, మొహమాటపడకుండా లోపలికి వెళ్ళి ఆక్సిజన్ స్థాయి చూపించుకోండి. డయామాక్స్ అనే మాత్ర గురించి చాలామంది విని ఉంటారు, అది కొందరికి పడదు, ముఖ్యంగా సల్ఫా మందులు పడనివారు డాక్టర్‌ని అడగకుండా వేసుకోకూడదు. మద్యం, నిద్రమాత్రలు అసలు వద్దు.

పైన రాత్రి ఉండాలా? అదే రోజు దిగిపోవచ్చా?

నడిచి వెళ్ళినవాళ్ళు అదే రోజు దిగే ప్రయత్నం చేయకండి. అలసిన మోకాళ్ళతో చీకట్లో దిగడం ఎక్కడం కంటే ప్రమాదం. పైన గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ వారి గుడారాలు, గదులు, ఆశ్రమాలు ఉంటాయి, ముందే బుక్ చేసుకుంటే మంచిది. మే నెలలో కూడా రాత్రి వణికించే చలి, దుప్పట్లు ఇస్తారు గానీ వేడినీళ్ళ బక్కెట్‌కి విడిగా తీసుకుంటారు. రాత్రి ఉంటే ఇంకో లాభం, సాయంత్రం హారతి చూడొచ్చు, తెల్లారి మంచుకొండల మీద మొదటి ఎండ పడేటప్పుడు గుడి ముందు నిలబడొచ్చు. నన్నడిగితే అంత కష్టపడి ఎక్కేది ఆ పావుగంట కోసమే.

లింగాన్ని చేత్తో తాకనిస్తారా?

ఉదయం పూట గర్భగుడిలోకి వదిలినప్పుడు తాకొచ్చు, నెయ్యి రాయొచ్చు. ఇక్కడి స్వామి మన శివాలయాల్లో ఉండేలాంటి లింగం కాదు, మూడు వైపులా ఏటవాలుగా ఉండే పెద్ద రాతి శిఖరం. పాండవులకి దొరక్కుండా నందిరూపంలో భూమిలోకి వెళ్ళిపోతున్న శివుడి మూపురం అని కథ. సాయంత్రం అలంకారం చేశాక దూరం నుంచే దర్శనం. జనం మరీ ఎక్కువైన రోజుల్లో ఉదయం కూడా సభామండపం నుంచే పంపేస్తారు, అలా జరిగితే బాధపడకండి. లోపల ఫోన్ తీయకూడదు, గుడికి 50 మీటర్ల లోపల రీల్స్, వీడియోలు తీయడాన్ని 2024లో నిషేధించారు.

గుడి వెనక్కి వెళ్ళి భీమశిలని తప్పకుండా చూడండి. 2013 జూన్ 16, 17 తేదీల్లో చోరాబారీ సరస్సు గట్టు తెగి వచ్చిన వరదలో ఆ బండ గుడి వెనకాలే ఆగి నీటిని రెండుగా చీల్చింది. చుట్టూ ఊరంతా పోయింది, వేలమంది పోయారు. వారిలో మన తెలుగువాళ్ళు కూడా ఉన్నారు, అక్కడ నిలబడినప్పుడు వారిని ఒకసారి తలుచుకోండి. దగ్గర్లోనే ఆది శంకరుల సమాధి స్థలం, 2021లో పెట్టిన విగ్రహం ఉన్నాయి.

రోప్‌వే వస్తోందట కదా, ఆగి అప్పుడే వెళ్ళమంటారా?

సోన్‌ప్రయాగ్ నుంచి కేదారానికి 12.9 కిలోమీటర్ల రోప్‌వేకి 2025 మార్చిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. పూర్తయితే గంటల ప్రయాణం అరగంట పైచిలుకుకి తగ్గుతుందని చెప్పారు. కట్టడానికి ఏళ్ళు పడుతుంది. ఇప్పుడు నడవగలిగినవాళ్ళు ఇప్పుడే నడిచి రండి.

## బదరీలో

బదరీకి కూడా నడవాలా?

అక్కర్లేదు, బస్సు గుడి దగ్గరి దాకా వెళ్తుంది. జోషీమఠ్ నుంచి సుమారు 45 కిలోమీటర్లు. ఎత్తు 3,100 మీటర్ల పైన కాబట్టి నడక లేదని స్వెటర్ తీసి దిగకండి. జోషీమఠ్‌లో నరసింహస్వామి గుడి ఉంది, బదరీ మూసిన చలికాలమంతా ఆ గుడిని బదరీ స్వామి సంప్రదాయానికి శీతాకాల స్థానంగా చూస్తారు. మనకి నరసింహుడంటే ఉండే ప్రీతికి ఇది దాటి వెళ్ళాలనిపించదు.

తప్తకుండంలో స్నానం చేసే తీరాలా?

దర్శనానికి ముందు చేయడం ఆనవాయితీ. నీళ్ళు బాగా వేడిగా ఉంటాయి, ముందు చెంబుతో కాళ్ళ మీద పోసుకుని అలవాటుపడి దిగాలి. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్ళు నీటిలో ఎక్కువసేపు ఉండకూడదు, తల మీద నాలుగు చెంబులు పోసుకున్నా స్నానమే. బయటికి రాగానే ఒళ్ళు తుడుచుకుని పొడి బట్టలు కట్టుకోండి. స్వామికి తులసిమాల తీసుకెళ్ళండి.

బ్రహ్మకపాలంలో పిండం పెడితే ఇక తద్దినాలు పెట్టక్కర్లేదా?

అక్కడ చాలామంది ఆ మాటే చెబుతారు. మన పురోహితుల్లో ఎక్కువమంది ఒప్పుకోరు, పితృదేవతల మోక్షానికి అది గొప్ప క్షేత్రం, అయినా కొడుకు బతికున్నంతకాలం ఏటా ఆబ్దికం పెట్టాల్సిందే అంటారు. రెండు అభిప్రాయాలూ పాతవే. అందుకని ఇంటి దగ్గరే మీ పురోహితుడితో మాట్లాడి, ఏం చేయాలో తేల్చుకుని వెళ్ళండి, అలకనంద ఒడ్డున చలిలో నిలబడి నిర్ణయించుకునే సంగతి కాదు ఇది. గయలో పెట్టాకే ఇక్కడ పెట్టాలని కూడా కొన్ని ఇళ్ళలో నియమం. గోత్రం, మూడు తరాల పేర్లు కాగితం మీద రాసుకుని వెళ్ళండి. పని మొదలుపెట్టకముందే సంభావన ఎంతో మాట్లాడుకుంటే చివర్లో మనసు పాడుచేసుకోనక్కర్లేదు.

అక్కడి పూజారులు దక్షిణాదివాళ్ళట, నిజమేనా?

అవును. రావల్ అంటే గుడి పూజారులకి పెద్ద. బదరీ రావల్ కేరళ నంబూద్రి బ్రాహ్మణులు, శంకరుల ఏర్పాటు అని చెబుతారు. కేదారం రావల్ కర్ణాటక వీరశైవులు. కేదారంలో రావల్ స్వయంగా పూజ చేయరు, ఆయన నియమించిన పూజారులు చేస్తారు. వైష్ణవులకి బదరీ నూట ఎనిమిది దివ్యదేశాల్లో ఒకటి, తిరుమంగై ఆళ్వార్ పాడిన క్షేత్రం.

మాణా చూడాలా?

బదరీ నుంచి మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు, అక్కడ వ్యాసగుహ, గణేశగుహ, సరస్వతీ నది, దాని మీద భీముడు వేశాడని చెప్పే రాతి వంతెన ఉన్నాయి. పూట చాలు. ఒంట్లో ఓపిక లేకపోతే వదిలేయండి.

## అనుకున్నట్టు జరగకపోతే

రోడ్డు మూసేస్తే ఏం చేయాలి?

ఉన్నచోటే ఆగండి. డ్రైవర్ అడ్డదారి ఉందన్నా, పక్క బండివాళ్ళు వెళ్తున్నా కదలకండి, కొత్తగా విరిగిన కొండ నుంచి గంటల తరబడి రాళ్ళు జారుతూనే ఉంటాయి. ఆగాల్సి వస్తే పెద్ద ఊళ్ళో, రుద్రప్రయాగ, చమోలీ, జోషీమఠ్ లాంటి చోట ఆగితే ఆసుపత్రి, మందులు, గది దొరుకుతాయి. ఇంటికి రోజుకొకసారి ఏ ఊళ్ళో ఉన్నారో మెసేజ్ పెట్టండి.

అమ్మ ఎక్కలేకపోయింది, లేదా డాక్టర్ వద్దన్నారు. ఆమెకి కేదారేశ్వరుడి దర్శనమే లేదా?

ఉంది. చలికాలం ఆరు నెలలు కేదారేశ్వరుడి ఉత్సవమూర్తిని పల్లకీలో దించి ఉఖీమఠ్ ఓంకారేశ్వర ఆలయానికి తీసుకొస్తారు, నిత్యపూజలు అక్కడే జరుగుతాయి. గుప్తకాశీకి ఎదురు కొండ మీదే ఉంటుంది, ఎత్తు తక్కువ, గుడి దగ్గరి దాకా కారు వెళ్తుంది, జనం ఉండరు, పూజారులు తీరిగ్గా పేరు, గోత్రం అడిగి పూజ చేయిస్తారు. నవంబర్ రెండో సగంలోనో, ఎండలు మొదలయ్యే మార్చిలోనో వెళ్తే చలి కూడా తట్టుకోగలిగేంతే ఉంటుంది. ఋషికేశ్ నుంచి వెళ్ళి రావడానికి మూడు రోజులు చాలు, పెద్దవాళ్ళుంటే నాలుగు పెట్టుకోండి.